జపాన్ బేస్‌బాల్: నిండిన గ్యాలరీల వెనుక

జపాన్‌లో వృత్తి బేస్‌బాల్ అంటే 12 జట్లు. సెంట్రల్ లీగ్‌లో ఆరు, పసిఫిక్ లీగ్‌లో ఆరు. మార్చి చివర మొదలై అక్టోబరు దాకా ఒక్కో జట్టు 143 మ్యాచ్‌లు ఆడుతుంది. సోమవారాలను పక్కన పెడితే ఆరు నెలలకు పైగా దాదాపు ప్రతి సాయంత్రం ఏదో ఒక ఊళ్లో ఆట నడుస్తూనే ఉంటుంది. 2024 సీజన్‌లో ఈ మ్యాచ్‌లను స్టేడియాలకు వచ్చి చూసినవారి సంఖ్య 2 కోట్ల 66 లక్షలు దాటింది. సగటున మ్యాచ్‌కు 31 వేల మంది. అంతకుముందు ఏ సంవత్సరమూ అంతమంది రాలేదు. జనాభా ఏటేటా తరిగిపోతున్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు. అయినా ఆ ఆటను ప్రాణంగా చూసుకునేవారే దాని రేపటి గురించి బెంగ పడుతున్నారు. ఆ బెంగకు కారణాలు గ్యాలరీల్లో కనబడవు. బడి మైదానాల్లో, అమెరికా వెళ్లే విమానాల్లో, జట్లను పోషించే కంపెనీల జమాఖర్చుల్లో కనబడతాయి.

బేస్‌బాల్ జపాన్‌కు 1872లో వచ్చింది. టోక్యోలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికన్ ఉపాధ్యాయుడు హోరస్ విల్సన్ తన విద్యార్థులకు ఈ ఆట నేర్పాడు. 1894లో చూమన్ కనయే అనే ఆటగాడు దీనికి ‘యక్యూ’ అని పేరు పెట్టాడు. మైదానంలో ఆడే బంతాట అని దాని అర్థం. నేటికీ జపాన్ ప్రజలు ఆ మాటే వాడతారు. రెండేళ్ల తర్వాత టోక్యోలోని ప్రసిద్ధ ఇచికో పాఠశాల విద్యార్థులు యోకొహామాలో స్థిరపడిన విదేశీయుల జట్టును 29-4 స్కోరుతో ఓడించారు. పాశ్చాత్యుల ముందు తామేమిటో నిరూపించుకోవాలని దేశమంతా తపిస్తున్న రోజులవి. ఆ గెలుపుతో పరాయి ఆట సొంత ఆట అయిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అమెరికాలో బేస్‌బాల్ క్లబ్బుల్లో పెరిగింది, జపాన్‌లో బడిలో పెరిగింది. కాబట్టి దానికి క్రమశిక్షణ, కఠోర సాధన, పెద్దల మాట జవదాటకపోవడం మొదటినుంచీ అంటుకున్నాయి. 1915లో పాఠశాలల జాతీయ టోర్నీ మొదలైంది. 1924లో ఒసాకా, కోబె నగరాల మధ్య కోషియెన్ స్టేడియం వెలిసింది. నేటికీ ప్రతి వేసవిలో దేశం నలుమూలల నుంచి హైస్కూలు జట్లు అక్కడికి చేరతాయి. ఓడిన పిల్లలు కళ్ల నీళ్లతో ఆ నేల మట్టిని సంచుల్లో నింపుకుని ఇళ్లకు తీసుకెళ్తారు. వృత్తి బేస్‌బాల్ అనే చెట్టుకు వేరు ఇదే. ఆ వేరుకు చెద పడితే పైన ఎన్ని పూలు పూసినా ఎంతకాలం నిలుస్తాయన్నది అసలు ప్రశ్న.

వృత్తి ఆటకు పునాది వేసింది ఒక పత్రికాధిపతి. యోమియురి దినపత్రిక యజమాని మత్సుతారో షోరికి 1934లో బేబ్ రూత్ సహా అమెరికా మేటి ఆటగాళ్లను జపాన్ పర్యటనకు రప్పించాడు. షిజువొకాలో జరిగిన మ్యాచ్‌లో 17 ఏళ్ల ఎయిజి సవామురా బంతులు విసురుతూ గెరింజర్, రూత్, గెరిగ్, ఫాక్స్‌లను వరసగా అవుట్ చేశాడు. జపాన్ 0-1తో ఓడింది కానీ ఆ కుర్రాడి పేరు ఇంటింటా మోగింది. అతడు ఆ తర్వాత పదేళ్లకే యుద్ధంలో, ప్రయాణిస్తున్న సైనిక నౌక మునిగి చనిపోయాడు. ఏటా అత్యుత్తమ పిచర్‌కు, అంటే బంతి విసిరే ఆటగాడికి, ఇచ్చే పురస్కారం నేటికీ అతడి పేరిటే ఉంది. ఆ పర్యటన కోసం కూర్చిన బృందమే యోమియురి జెయింట్స్ అయింది. 1936లో ఏడు జట్లతో లీగ్ మొదలైంది. 1950లో అది రెండుగా చీలింది. 1958 నుంచి జట్ల సంఖ్య 12 దగ్గరే నిలిచిపోయింది.

ఆ జట్ల పేర్లను వరసగా చదివితే జపాన్ ఆర్థిక చరిత్ర తెలిసిపోతుంది. తొలి దశలో పత్రికలు, రైలు కంపెనీలు జట్లను నడిపాయి. హన్షిన్, హాన్క్యూ, నాన్కాయ్, కిన్‌తెత్సు, నిషితెత్సు అన్నీ రైలు సంస్థలే. తమ మార్గంలో ఒక స్టేడియం కడితే సెలవు రోజుల్లోనూ రైళ్లు నిండుతాయని వాటి లెక్క. సినిమాలకు గిరాకీ ఉన్న 1950లలో షోచికు, దయెయ్, తోయెయ్ అనే చిత్ర నిర్మాణ సంస్థలకు జట్లుండేవి. ఆ తర్వాత మాంసం, చాక్లెట్లు, పాల పానీయాలు అమ్మే కంపెనీలు వచ్చాయి. 1988లో నాన్కాయ్ తన జట్టును ఒక సూపర్‌మార్కెట్ల సంస్థకు, హాన్క్యూ తన జట్టును లీజింగ్ సంస్థకు అమ్మేశాయి. ఇప్పుడు సాఫ్ట్‌బ్యాంక్, రకుటెన్, డీఎన్‌ఏ అనే ఇంటర్నెట్ కాలపు సంస్థల వంతు. ఏ కాలంలో ఏ వ్యాపారం ఎదిగితే ఆ వ్యాపారం చేతికి ఒక జట్టు చేరింది.

దీనికి ప్రభుత్వం కూడా దన్నుగా నిలిచింది. బేస్‌బాల్ జట్టు వల్ల వచ్చిన నష్టాన్ని మాతృసంస్థ తన ప్రకటనల ఖర్చు కింద చూపుకోవచ్చని 1954లో జపాన్ పన్నుల శాఖ ఆదేశం ఇచ్చింది. నష్టమొచ్చినా పరవాలేదు, కంపెనీ పేరు రోజూ పత్రికల్లో వస్తుంది, పైగా పన్నూ తగ్గుతుంది. ఈ ఏర్పాటు జట్లను దశాబ్దాల పాటు బతికించిన మాట నిజం. అయితే ఆటను తనంత తానుగా నిలబడే వ్యాపారంగా మలచాల్సిన అవసరం లేకుండా చేసింది కూడా అదే. మాతృసంస్థ చల్లగా ఉన్నంతకాలం జట్టు చల్లగా ఉంటుంది. సంస్థకు జలుబు చేస్తే జట్టుకు జ్వరం వస్తుంది.

ఈలోగా టీవీ వచ్చింది. 1959 జూన్‌లో చక్రవర్తి హిరొహితో చూస్తుండగా షిగెవో నగషిమా ఆఖరి ఘడియలో హోమ్ రన్ కొట్టి జెయింట్స్‌ను గెలిపించిన దృశ్యం ఆ తరం మనసుల్లో చెరగని బొమ్మ. క్రికెట్ ఎరిగినవారికి చెప్పాలంటే, సిక్సర్‌లా బంతిని కంచె దాటించి, చుట్టూ ఉన్న నాలుగు బేస్‌లను పరుగెత్తి చుట్టి రావడమే హోమ్ రన్. నగషిమా, సదహరు ఓ కలిసి ఆడిన జెయింట్స్ 1965 నుంచి 1973 దాకా రెండు లీగుల విజేతలు తలపడే జపాన్ సిరీస్‌ను తొమ్మిదేళ్లు వరసగా గెలిచింది. ఓ మొత్తం 868 హోమ్ రన్‌లు కొట్టాడు. వృత్తి లీగుల్లో ప్రపంచంలో మరెవరూ అంత దూరం వెళ్లలేదు. నాటి పిల్లలకు ఇష్టమైన మూడింటిని ఏకరువు పెట్టే నానుడిలో సుమో వీరుడు తైహో, గుడ్డు అట్టులతో పాటు జెయింట్స్ పేరూ ఉండేది. సాయంత్రం ఏడింటికి టీవీ పెడితే జెయింట్స్ మ్యాచ్ వచ్చేది. తండ్రి భోజనం చేస్తూ చూసేవాడు, పక్కన కూర్చున్న పిల్లవాడికి ఆట దానంతటదే పట్టుబడేది.

ఆ ఏర్పాటులోనే లోపమూ ఉంది. దేశమంతా ఒకే జట్టును చూస్తే మిగిలిన జట్ల మాటేమిటి? సెంట్రల్ లీగ్ జట్లకు జెయింట్స్ తమ ఊరికి ఆడటానికి వచ్చినప్పుడు ప్రసార హక్కుల డబ్బు ముట్టేది. పసిఫిక్ లీగ్ జట్లకు ఆ భాగ్యమూ లేదు. 1980లలో 20 శాతానికి పైన ఉన్న జెయింట్స్ మ్యాచ్‌ల టీవీ వీక్షణ ఆ తర్వాత జారుతూ 2006 నాటికి 10 శాతం లోపుకు పడిపోయింది.

మునక ప్రమాదం 2004లో ముంచుకొచ్చింది. అప్పుల్లో కూరుకుపోయిన కిన్‌తెత్సు రైల్వే తన బఫెలోస్ జట్టును ఒరిక్స్ జట్టులో కలిపేస్తున్నట్టు ఆ జూన్‌లో బయటపడింది. ఇంకొన్ని జట్లను కూడా కలిపి, రెండు లీగులను ఒకే చిన్న లీగ్‌గా కుదించాలని యజమానులు తలపెట్టారు. యువ ఇంటర్నెట్ వ్యాపారి తకఫుమి హోరియె బఫెలోస్‌ను తాను కొంటానని ముందుకొస్తే తలుపులు మూశారు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు, యాకుల్ట్ జట్టులో క్యాచర్‌గా (క్రికెట్‌లో కీపర్ లాంటి స్థానం) ఆడే అత్సుయా ఫురుతా యజమానులతో మాట్లాడాలని కోరాడు. కేవలం ఆటగాళ్లకు అంత మాటా అన్నట్టు జెయింట్స్ అధిపతి త్సునెవో వతనబె తీసిపారేశాడు. ఆ మాట దేశమంతా పాకింది. అభిమానులు లక్షల సంతకాలు పోగుచేశారు.

సెప్టెంబరు 18, 19 తేదీల్లో ఆటగాళ్లు సమ్మె చేశారు. జపాన్ వృత్తి బేస్‌బాల్ చరిత్రలో అదే మొదటి సమ్మె. ఆ రెండు రోజులూ వాళ్లు ఇళ్లలో కూర్చోలేదు, అభిమానుల మధ్యకు వెళ్లి సంతకాలు పెట్టారు, పిల్లలతో ఆడారు. టీవీ కార్యక్రమంలో అభిమానుల సందేశాలు వింటూ ఫురుతా కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. మ్యాచ్‌లు రద్దు చేసినవారిపైనే జనం జాలి, ప్రేమ చూపడం ఆ దేశంలో అరుదు. యజమానులు దిగివచ్చారు. బఫెలోస్ విలీనం ఆగలేదు కానీ, దాని బదులు కొత్త జట్టుకు చోటిచ్చారు. అలా 50 ఏళ్ల తర్వాత లీగ్‌లోకి ఒక కొత్త జట్టు అడుగుపెట్టింది. ఈశాన్యాన సెండాయ్ నగరం కేంద్రంగా రకుటెన్ ఈగల్స్ పుట్టింది. 2005 నుంచి రెండు లీగుల జట్లు సీజన్ మధ్యలో ఒకదానితో ఒకటి ఆడటమూ మొదలైంది.

రకుటెన్ తొలి ఏడాది 97 మ్యాచ్‌లు ఓడింది. అయినా లెక్కలు చూస్తే లాభమే వచ్చింది. పాతకాలపు యజమానులు నమ్మలేని విషయమిది. 2011 మార్చిలో భూకంపం, సునామీ ఆ ప్రాంతాన్ని ఊడ్చేశాయి. రెండేళ్లకు, 2013లో, ఈగల్స్ జపాన్ సిరీస్ గెలిచింది. ఆ సీజన్‌లో పిచర్ మసహిరో తనకాకు 24 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. ఊరికీ జట్టుకూ మధ్య ఎలాంటి బంధం ఉండగలదో సెండాయ్ వీధులు చూపించాయి.

నిజానికి ఆ పాఠం హిరోషిమా ఏనాడో చెప్పింది. అణుబాంబు పడిన ఊళ్లో 1950 నుంచి ఆడటం మొదలుపెట్టిన కార్ప్ జట్టుకు మరుసటి ఏడాదే డబ్బు చాలక మూతపడే గతి పట్టింది. స్టేడియం గుమ్మం ముందు పెద్ద పీపా పెట్టి జనం చిల్లర వేసి జట్టును కాపాడుకున్నారు. మిగిలిన ఊళ్లు ఆ దారికి రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. టోక్యోలో జెయింట్స్ నీడన మగ్గిన ఫైటర్స్ 2004లో ఉత్తరాన సప్పొరోకు మారింది. 2011 చివర యోకొహామా జట్టును కొన్న డీఎన్‌ఏ, స్టేడియాన్ని కూడా తన చేతిలోకి తీసుకుంది. టికెట్టు, తిండి, బీరు, ప్రకటనల రాబడి అంతా ఒకే ఖాతాలో పడేసరికి ఖాళీ గ్యాలరీలు నిండాయి. అద్దె స్టేడియంతో విసిగిన ఫైటర్స్ 2023లో సప్పొరో దగ్గరి కితహిరోషిమాలో సుమారు 6,000 కోట్ల యెన్లతో సొంత స్టేడియం కట్టుకుంది. వేడినీటి స్నానం చేస్తూ మ్యాచ్ చూసే ఏర్పాటు అందులో ఉంది. ఆట లేని రోజున కూడా జనం అక్కడికి విహారానికి వస్తారు.

నేటి నిండు గ్యాలరీల రహస్యం ఇదీ. బాకాలు, డోళ్లు, ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట, పరుగు వచ్చినప్పుడల్లా చిన్న గొడుగులు తెరిచి ఊపే యాకుల్ట్ అభిమానులు, వీపున బరువైన బీరు పీపాలు మోస్తూ మెట్లెక్కి దిగే అమ్మాయిలు. ఒకసారి వచ్చినవారు మళ్లీ వస్తారు. కానీ వచ్చేవారు ఎక్కువసార్లు రావడం వేరు, కొత్తవారు పుట్టుకురావడం వేరు. మొదటిది బాగా సాగుతోంది. రెండోదాని దగ్గరే చిక్కు.

జపాన్ హైస్కూలు బేస్‌బాల్ సమాఖ్యలో నమోదైన ఆటగాళ్లు 2014లో 1 లక్షా 70 వేల మంది. 2024లో 1 లక్షా 27 వేలు. పదేళ్లలో నాలుగో వంతు కరిగిపోయారు. జననాలు తగ్గడమే కారణమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ వయసు పిల్లల సంఖ్య అదే కాలంలో పదో వంతు మాత్రమే తగ్గింది. అంటే ఉన్న పిల్లలు కూడా వేరే వైపు నడుస్తున్నారు. హైస్కూలు కంటే కింది తరగతుల్లో పరిస్థితి ఇంకా నీరసం. 2009 ప్రాంతంలో 3 లక్షలున్న జూనియర్ హైస్కూలు ఆటగాళ్లు సగానికి పడిపోయారు. తొమ్మిది మంది దొరకక రెండు మూడు బడులు కలిసి ఒక జట్టుగా ఆడటం పల్లెల్లో మామూలైపోయింది.

కారణాలు చాలా ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం పెద్దలు చేసినవే. 1993లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్, జే లీగ్, మొదటి రోజు నుంచే జట్లకు ఊరి పేరు పెట్టింది, కంపెనీ పేరు వద్దంది. ఫుట్‌బాల్‌కు బంతి ఒక్కటుంటే చాలు. బేస్‌బాల్‌కు గ్లవ్, బ్యాట్, బూట్లు, దుస్తులు అన్నీ కొనాలి. శని, ఆదివారాలు పొద్దుటినుంచి చీకటిదాకా సాధన. కోచ్‌లకు టీ, తినుబండారాలు అందించే పని తల్లులు వంతులవారీగా చేయాలి. ఉద్యోగాలు చేసే తల్లులు ఆ వంతును తలచుకునే పిల్లవాణ్ని వేరే ఆటలో చేర్పిస్తున్నారు. గుండు గీయించుకోవడం, తిట్లు పడటం, భుజం విరిగేదాకా బంతులు విసరడం కూడా ఆటలో భాగమేనని పాతతరం అనుకుంది. నగరాల్లోని చిన్న పార్కుల్లో బంతాట కూడదని బోర్డులు వేలాడుతున్నాయి. ఆడుకునే చోటే లేకపోతే ఆట మీద ఇష్టం ఎక్కడ మొలుస్తుంది?

మార్పు మొదలవలేదని కాదు. 2020 నుంచి హైస్కూలు పిచర్ వారంలో 500 బంతులకు మించి విసరకూడదన్న నిబంధన వచ్చింది. ఎండదెబ్బకు భయపడి 2024లో కోషియెన్ తొలి రోజుల మ్యాచ్‌లను ఉదయం, సాయంత్రం వేళలకు విడగొట్టారు. 2023 వేసవిలో జుట్టు పెంచుకున్న పిల్లలతో, నవ్వుతూ ఆడిన కేయో హైస్కూలు 107 ఏళ్ల తర్వాత విజేతగా నిలిచింది. ఆటను ఆనందించడమే తమ పద్ధతి అని ఆ బడి చెప్పుకుంది. గుండు లేకుండానూ కోషియెన్ గెలవవచ్చని తేలడం చిన్న మలుపు కాదు.

వేరు దగ్గర చిక్కు అలా ఉంటే, కొమ్మ చివర చిక్కు ఇంకొకటి. మేటి ఆటగాళ్లు అమెరికా వెళ్లిపోతున్నారు. 1995లో పిచర్ హిదెవో నోమో ఒప్పందంలోని ఒక సందును వాడుకుని, రిటైరైనట్టు ప్రకటించి లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌లో చేరాడు. అప్పుడు స్వదేశంలో అతణ్ని ద్రోహి అన్నవారున్నారు. అదే ఏడాది అతడు అక్కడ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1998లో రెండు దేశాల లీగులు ‘పోస్టింగ్’ పద్ధతి కుదుర్చుకున్నాయి. ఆటగాడిని వదులుకునే జపాన్ జట్టుకు అమెరికా జట్టు రుసుము చెల్లించాలి. ఇచిరో సుజుకి కోసం ఒరిక్స్‌కు 1 కోటీ 31 లక్షల డాలర్లు, దైసుకె మత్సుజకా కోసం సెయిబు జట్టుకు 5 కోట్ల 11 లక్షల డాలర్లు ముట్టాయి. 2013లో ఆ రుసుముకు 2 కోట్ల డాలర్ల హద్దు పెట్టారు. ఇప్పుడు ఆటగాడి ఒప్పందం విలువలో శాతంగా లెక్కిస్తున్నారు. పిచర్ యొషినొబు యమమోతొ 2023 డిసెంబరులో 32 కోట్ల 50 లక్షల డాలర్లకు డాడ్జర్స్‌తో సంతకం చేసినప్పుడు ఒరిక్స్‌కు 5 కోట్ల డాలర్లు దక్కాయి.

కానీ 25 ఏళ్లు నిండని ఆటగాడు వెళితే లెక్క తారుమారవుతుంది. అలాంటివారికి అమెరికా నియమాలు చిన్న ఒప్పందమే అనుమతిస్తాయి. 2025 జనవరిలో పిచర్ రోకి ససాకి వెళ్లినప్పుడు, అతణ్ని బడి నుంచి తెచ్చి తీర్చిదిద్దిన లొట్టె జట్టుకు చేరింది 16 లక్షల డాలర్ల చిల్లర మాత్రమే. సాఫ్ట్‌బ్యాంక్ మాత్రం పోస్టింగ్‌కు ఒప్పుకోకుండా వచ్చింది. దాని పిచర్ కొడయ్ సెంగా తొమ్మిదేళ్ల సర్వీసు పూర్తిచేసి, స్వేచ్ఛ వచ్చాకే 2022లో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లాడు. ఈమధ్య మరో దారి తెరుచుకుంది. హైస్కూలు నుంచే నేరుగా అమెరికా కాలేజీలకో, అక్కడి జట్లకో వెళ్లే కుర్రాళ్లు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. జపాన్ జట్లకు ఇది రుసుము కూడా దక్కని దారి.

డబ్బు తేడా దాచితే దాగేది కాదు. 2024లో అమెరికా మేజర్ లీగ్‌లో కనీస జీతం 7 లక్షల 40 వేల డాలర్లు, ఆనాటి మారకంలో సుమారు 11 కోట్ల యెన్లు. జపాన్ ఆటగాళ్ల సంఘం సభ్యుల సగటు జీతం అందులో సగానికి కూడా చేరదు. 1990ల మధ్యలో రెండు దేశాల లీగుల రాబడుల్లో ఇంత అగాధం లేదు. అమెరికాలో 30 జట్లు జాతీయ ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్మి పంచుకోవడం నేర్చుకున్నాయి. జపాన్‌లో ప్రతి జట్టూ తన హక్కులను తానే అమ్ముకుంటుంది. పసిఫిక్ లీగ్ ఆరు జట్లు 2007లో ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకుని ఇంటర్నెట్ ప్రసారాలు మొదలుపెట్టాయి. 12 జట్లూ కలిసి అలాంటి పని చేసి ఉంటే కథ ఇంకోలా ఉండేదన్న వాదన బలమైనదే.

వెళ్లినవారి వల్ల ఇంట్లో ఆట చచ్చిపోయిందనడం తొందరపాటవుతుంది. నోమో, ఇచిరో వెళ్లాక కూడా స్టేడియాలు నిండాయి. 2023 మార్చిలో దేశాల జట్లు తలపడే ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్ ఆఖరి బంతికి షోహెయ్ ఓతాని, అమెరికాలో అప్పటి తన జట్టు సహచరుడైన మైక్ ట్రౌట్‌ను అవుట్ చేసి జపాన్‌ను 3-2తో గెలిపించినప్పుడు, జపాన్‌లో పొద్దుటి పనులు ఆగిపోయాయి. అయితే ఆ ఓతాని ఆట రోజూ టీవీలో కనబడేది డాడ్జర్స్ దుస్తుల్లో. ఉదయాన్నే వార్తల్లో మొదట వచ్చేది అతడి హోమ్ రన్. సొంత ఊరి జట్టు సంగతి ఆ తర్వాత, వస్తే వస్తుంది. పిల్లలకు ఆరాధించడానికి వీరులున్నారు, కానీ వాళ్లు సాయంత్రం రైలెక్కి వెళ్లి చూడగలిగినంత దగ్గరలో లేరు.

పైగా సాయంత్రం ఏడింటి ఉచిత ప్రసారాలు చాలా వరకు పోయాయి. లీగ్ మ్యాచ్‌లు డబ్బు కట్టి చూసే ఛానెళ్లలోకి, ఆన్‌లైన్ వేదికల్లోకి మారాయి. 2026 ప్రపంచ క్లాసిక్ జపాన్ ప్రసార హక్కులు సైతం నెట్‌ఫ్లిక్స్‌కు దక్కాయి. అభిమానికి ఇది ఇబ్బంది కాదు, ఏదో ఒక చందా కట్టి చూస్తాడు. ఇంకా అభిమాని కానివాడికే నష్టం. అనుకోకుండా చూసి మనసు పారేసుకునే అవకాశం అతడికి మిగలలేదు.

ఈ పరిస్థితుల్లో కొన్ని ప్రయత్నాలు సాగుతున్నాయి. జట్ల సంఖ్యను 16కు పెంచి పెద్ద జట్లు లేని ప్రాంతాలకు ఇవ్వాలన్న ఆలోచనను 2014లో అధికార పార్టీయే ప్రతిపాదించింది. 2024లో నీగాతా, షిజువొకా నగరాలకు చెందిన రెండు కొత్త జట్లను రెండో శ్రేణి లీగ్‌లోకి చేర్చుకున్నారు. మొదటి శ్రేణి తలుపు మాత్రం ఇంకా తెరవలేదు. పాతపద్ధతిని గట్టిగా పట్టుకున్న సెంట్రల్ లీగ్ కూడా, పిచర్ బదులు వేరొకరు బ్యాటింగ్ చేసే నియమాన్ని 2027 నుంచి పాటించడానికి ఒప్పుకుంది. ఓతాని 2023 చివరి నుంచి దేశంలోని దాదాపు 20 వేల ప్రాథమిక పాఠశాలలన్నిటికీ మూడేసి గ్లవ్‌లు పంపాడు, కుడిచేతి పిల్లలకు రెండు, ఎడమచేతి పిల్లలకు ఒకటి. మొత్తం 60 వేలు. వాటిని గాజు పెట్టెలో దాచకుండా పిల్లల చేతికిచ్చిన బడులే ఆ కానుకను సరిగా అర్థం చేసుకున్నాయి.

జపాన్‌లో 1973లో 20 లక్షల 90 వేల మంది పిల్లలు పుట్టారు. 2024లో పుట్టినవారు 6 లక్షల 86 వేల మంది. హైస్కూలు ముగించే ఏడాది, 2042 శరత్కాలంలో, వాళ్లు వృత్తి లీగ్ డ్రాఫ్ట్‌కు అర్హులవుతారు. 12 జట్లూ తమ రేపటి ఆటగాళ్లను ఎంచుకోవాల్సింది వాళ్లలోంచే.